గాజు గొట్టంలో బిళ్ళగన్నేరు

నేను ఒక గాజు గొట్టాన్ని. పక్కన మనిషి నిలబడితే అతని ఛాతీ దాకా వస్తాను. పైన వెడల్పు నోరు, అడుగున సన్నని కుళాయి, కుళాయికి కాస్త పైన పొడి జారిపోకుండా ఆపే చిల్లుల గాజు బిళ్ళ, ఇంతే నా రూపం. ప్రయోగశాలల్లో నన్ను కాలమ్ అంటారు. ఆ పేరు వింటే ఏ గుడి స్తంభమో గుర్తొస్తుంది గానీ, నేను దేన్నీ మోసినదాన్ని కాదు. నా లోపలి నుంచి దిగిపోయేవాటిని చూస్తూ నిలబడినదాన్ని.

హైదరాబాదులో ముషీరాబాద్ వెనక సందులో ఖాదర్ మొహియుద్దీన్ అనే పెద్దాయన నన్ను ఊదాడు. గాజు ఊదడం వాళ్ళ ఇంటి పని. యూనివర్సిటీ నుంచి కేశవులు అనే పరిశోధక విద్యార్థి వచ్చి కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే, దీంతో అత్తరు తీస్తారా అని అడిగాడాయన. అత్తరు కాదు, ఆకులో కలిసి ఉన్నవాటిని దేనికది విడదీస్తామని కేశవులు చెప్పాడు. ఖాదర్ సాబ్ గొట్టాన్ని మంటలో తిప్పుతూ, అన్నదమ్ముల ఇల్లు విడదీసే గొట్టం కూడా ఒకటి చేసిపెడితే ముందు మా ఇంట్లో వాడతానని నవ్వాడు. ఆ నవ్వుకి చెయ్యి అదిరి నా మెడ దగ్గర చిన్న వంకర పడింది. అది ఇప్పటికీ ఉంది.

కేశవులు నాతో వేపపప్పు పని చేశాడు. ఆ పని పద్ధతి మీకు చెప్పాలి. నా కడుపు నిండా తెల్లని పొడి కూరుతారు. పైన చెట్టు నుంచి తీసిన కషాయం లాంటి సారాన్ని పోస్తారు. దాని మీద ద్రావకం పోస్తూ కింద కుళాయి విప్పుతారు. సుల్తాన్ బజార్ సందులో నలుగురు ఒకేసారి బయలుదేరారనుకోండి. ప్రతి గాజుల కొట్టు దగ్గరా ఆగే మనిషి వెనకబడుతుంది, దేన్నీ చూడని మనిషి ముందు చేరుతుంది. సారంలో ఉన్నవి కూడా అంతే. పొడిని పట్టుకుని వేలాడేవి ఆలస్యంగా దిగుతాయి, పట్టించుకోనివి ముందు దిగుతాయి. కింద సీసాలు మారుస్తూ పోతే ఏది దేంట్లో పడిందో తెలుస్తుంది. కేశవులుకి కొత్త పదార్థం ఒకటి దొరికింది. దానికి తన ప్రొఫెసరు గారి పేరు పెట్టాడు. వేపచెట్టునెవరూ అడగలేదు. కేశవులుకి డాక్టరేటు వచ్చింది, దూరదేశంలో ఉద్యోగం వచ్చింది, నా మీదకి దుమ్ము వచ్చింది.

నన్ను ఆ దుమ్ములోంచి తీసింది హైమవతి. కేశవులు కంటే రెండేళ్ళు వెనక చదువుకున్న మనిషి, తణుకు వైపు పిల్ల. సన్నగా ఉండేది, మెల్లగా మాట్లాడేది. లారీ డ్రైవరుని కూడా గారు అని పిలిచేది. కోపం వస్తే ఆమెకి గొంతు పెరగదు, మాటలు తగ్గుతాయి. బాలానగర్ పారిశ్రామికవాడలో ఒక చిన్న మందుల ఫ్యాక్టరీలో ఆమెకి కెమిస్టు ఉద్యోగం దొరికింది. యూనివర్సిటీ విభాగం వాళ్ళు పాత సామాను తీసేస్తున్నప్పుడు నన్ను అడిగి తీసుకుని, పాత చీరలో చుట్టి, సిటీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళింది. బస్సులో ఒకావిడ ఇదేమిటని అడిగితే నాదస్వరం అని చెప్పింది. ఆమె సరదాగా మాట్లాడడం నేను విన్న కొద్దిసార్లలో అదొకటి.

ఆ ఫ్యాక్టరీలో చేసే పని బిళ్ళగన్నేరు. మీ వాకిట్లో కూడా ఉండే ఉంటుంది. గులాబీరంగు పువ్వులు, నీళ్ళు పోసినా పోయకపోయినా బతికే మొక్క. దాని ఆకులో రెండు మందులున్నాయి. ఒకటి విన్‌బ్లాస్టిన్, రెండోది విన్‌క్రిస్టిన్. రెండూ కేన్సర్‌కి వాడేవే, కానీ వేరువేరు రోగాలకి, వేరువేరు కొలతల్లో. చిన్నపిల్లలకి వచ్చే రక్తపు కేన్సర్‌కి కావలసింది రెండోది. ఈ రెండిటికీ తేడా ఒక మూల మూడు నాలుగు పరమాణువుల దగ్గరే, మిగతా ఒళ్ళంతా ఒకటే. కవలపిల్లల్లో ఒకరికి బుగ్గ మీద పుట్టుమచ్చ ఉన్నట్టు. పైగా మొదటిది బాగా దొరుకుతుంది, రెండోది మహా తక్కువ. లారీడు ఆకు తెచ్చి, ఎండబెట్టి, నానబెట్టి, మరిగించి, వడకట్టి, చివరికి నా దాకా వచ్చేసరికి గిన్నె అడుగున అంటుకున్న పాకమంత మిగిలేది. దాంట్లోంచి విన్‌క్రిస్టిన్ని విడదీస్తే గోటి మీద పట్టేంత.

అది విడదీయడమే హైమవతి పని. నన్ను నింపడానికే ఒక పూట పట్టేది. పొడి ఎక్కడా గాలి బుడగ లేకుండా, ఎక్కడా వదులు లేకుండా కూర్చోవాలి. ఆమె వెదురు కర్రకి గుడ్డ చుట్టి నన్ను మెల్లగా తడుతూ, కళ్ళద్దాలు పైకి జరుపుకుంటూ, చుట్టూ తిరిగి చూసేది. తర్వాత ద్రావకం పోసి, చుక్క చుక్కగా పడేది పట్టుకునేది. రెండు మందులూ కంటికి కనపడవు. ప్రతి సీసాలోంచి చుక్క తీసి చిన్న పలక మీద పెట్టి, పలకని ద్రావకంలో నిలబెట్టి, పైన రసాయనం చల్లితే ఊదారంగు మచ్చ లేచేది. మచ్చ ఎంత ఎత్తుకి పోయిందో చూసి ఇది పెద్దది, ఇది చిన్నది అని చెప్పేది. ఎక్కువ దొరికే మొదటి మందు పెద్దది, పిల్లలకి కావలసిన రెండోది చిన్నది. పెద్దది ముందు దిగుతుంది. దాని తోక ఇంకా పడుతుండగానే చిన్నది మొదలవుతుంది. ఆ మధ్య సందు చిక్కడమే కష్టం. చిక్కిన రోజు ఆమె ఎవరికీ చెప్పకుండా క్యాంటీన్‌లో టీ రెండుసార్లు తాగేది. స్వచ్ఛంగా వచ్చిన మందు బొంబాయికి పోయేది. దాన్ని సూదిమందుగా మార్చే కంపెనీ అక్కడ ఉండేది.

ఆకు తెచ్చే వాళ్ళలో మద్దిలేటి అని ఒకడు. కర్నూలు జిల్లా డోన్ వైపు మెట్టచేను అతనిది. ఎర్రనేల, రాళ్ళు, వాన వస్తే వచ్చినట్టు లేకపోతే లేనట్టు. వేరుశెనగ మూడేళ్ళు వరసగా మాడిపోయాక ఎవరో చెబితే బిళ్ళగన్నేరు వేశాడు. అతని ఆకు శుభ్రంగా ఉంటుందని, కలుపు ఉండదని హైమవతి అంటుండేది. గోతాలు దించి, ఒక మూట విప్పి, ఆకుని గుప్పిట్లో నలిపి చూపించి, గేటు దగ్గర కూర్చుని సద్ది తిని వెళ్ళిపోయేవాడు. నా గదిలోకి ఎన్నడూ రాలేదు.

ఒక ఎండాకాలం అతను ఆకు లేకుండా వచ్చాడు. భుజం మీద ఏడేళ్ళ పాప. పేరు సుంకులమ్మ. తలకి గుడ్డ కట్టి ఉంది. చేతుల మీద అక్కడక్కడా నల్లగా కమిలిన మచ్చలు. వాచ్‌మన్ ఏమనుకున్నాడో లోపలికి పంపించాడు. హైమవతి స్టూలు జరిపి పాపని కూర్చోబెట్టింది. మద్దిలేటి కూర్చోలేదు. జేబులోంచి ఆసుపత్రి చీటీ తీసి రెండు చేతులతో ఇచ్చాడు.

"డాక్టరు ఈ మందు రాసినాడమ్మా. ఊరంతా తిరిగినా, యాడా దొరకల్యా. ఆసుపత్రిలో కూడా అయిపోయిందంట, బయటి దేశం నుంచి రావాలంట. ఇది బిళ్ళగన్నేరు ఆకులోదే అని ఆడ నర్సమ్మ చెప్పింది. అంటే మా ఆకే గదా. రోంత ఇస్తే తీస్కపోతా."

హైమవతి చీటీని చాలాసేపు చూసింది. అందులో ఉన్న పేరు ఆమె రోజూ సీసాల మీద రాసే పేరే. ఇక్కడ తయారయ్యేది మందు పొడి మాత్రమేననీ, దాన్ని పరీక్షించి, సూదిమందు చేయాలంటే బొంబాయి పోవాలనీ, ఇక్కడినుంచి చేతికివ్వడం కుదరదనీ మెల్లగా చెప్పింది. మద్దిలేటి తల ఊపుతూ విన్నాడు. విన్నాడు గానీ, అతని కళ్ళు నా మీదే ఉన్నాయి.

అప్పుడు నాలో ఏదో పాత సారం దిగుతోంది. సుంకులమ్మ కాసేపు చుక్కలు లెక్కపెట్టింది.

"ఇదేనా మా ఆకు?" అంది. "ఆకు పచ్చగుండాల గదా. ఇది నీళ్ళ మాదిరి ఉండాది."

"పచ్చదనం అంతా తీసేశామమ్మా," అంది హైమవతి. "పనికొచ్చేది మాత్రమే మిగిలింది."

"పనికొచ్చేది కనపడదా?"

కనపడదు, రసాయనం చల్లితే కనపడుతుంది అని ఒక పాత పలక చూపించింది. పాప ఊదా మచ్చ మీద వేలు పెట్టి, రంగు అంటిందేమోనని వేలు చూసుకుంది.

వాళ్ళు వెళ్ళాక హైమవతి మేనేజరు జగన్నాథరావు గారిని నా గదికే పిలిపించి మాట్లాడింది. ఆయన చెడ్డవాడు కాదు. రక్తపోటు మనిషి, ఎప్పుడూ చెమట తుడుచుకుంటూ ఉంటాడు. బొంబాయికి ట్రంకు కాల్ చేశాడు. వాళ్ళ దగ్గర కూడా సూదిమందు నిల్వ లేదు. మందు పొడి కోసం వాళ్ళే ఎదురుచూస్తున్నారు. ఇప్పుడు హైమవతి చేతిలో ఉన్న బ్యాచ్ స్వచ్ఛంగా వస్తే, మనిషి చేత విమానంలో పంపిస్తే, మొదటి పెట్టె హైదరాబాదుకే పంపుతామన్నారు. పాపకి మందు లేకుండా డాక్టరు ఆగగలిగిన కాలంలో అది జరగడం కష్టమే గానీ అసాధ్యం కాదు. ఆ బ్యాచ్‌లో మద్దిలేటి ఆకు కూడా ఉంది. హైమవతి ఆ మాట అతనికి చెప్పింది. చెప్పకపోతే బాగుండేదని తర్వాత ఆమె ఒకసారి అంది.

ఆమె నన్ను నింపిన తీరు నాకు గుర్తుంది. అంతకుముందెన్నడూ అంత నిదానంగా నింపలేదు. కొత్త పొడి డబ్బా విప్పింది. గదిలో ఏసీ ముందు రోజు నుంచే వేసి ఉంచింది. ఎందుకంటే మేము వాడే ద్రావకం ఎండ ముదిరితే దానికదే బుడగలు కక్కే రకం. పొద్దున్నే సారం పోసింది. మద్దిలేటి గేటు లోపల షెడ్డు నీడలో కూర్చున్నాడు. ఆసుపత్రిలో పాప దగ్గర వాళ్ళమ్మ ఉందట.

మధ్యాహ్నం దాకా అంతా బాగా నడిచింది. అంత బాగా నడవడం నాకూ కొత్తే. పెద్దది దిగింది, గట్టు కట్టినట్టు తేటగా దిగింది. పలక మీద మచ్చలు ఒకటే ఎత్తులో వరసగా నిలబడ్డాయి. తర్వాత మచ్చ పలచబడింది. హైమవతి పలక కిటికీ వెలుగులో పట్టుకుని, ఇంకొంచెం, ఇంకొంచెం అని తనలో తాను అనుకుంది. పెద్దది అయిపోవస్తోంది. చిన్నది నా కడుపులో సగానికి పైన ఎక్కడో ఉంది. అది ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పే నోరు లేదు.

అప్పుడు కరెంటు పోయింది.

ఆ రోజుల్లో వేసవిలో కరెంటు పోవడం వింత కాదు. ఏసీ ఆగిన చప్పుడుకి హైమవతి తల ఎత్తింది. ఫ్యాక్టరీ జనరేటరు బాయిలరు గదికే సరిపోయేది. జగన్నాథరావు గారు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేశారు. లైను తెగిందని, బాగుచేయడానికి మనుషులు వెళ్ళారని చెప్పారట. ఆమె కిటికీలకి తడి దుప్పట్లు కట్టింది. తువ్వాళ్ళు తడిపి నాకు చుట్టింది. చుట్టిన చోట చల్లగా, లేని చోట వేడిగా అయింది. అది కూడా మంచిది కాదని ఆమెకి తెలుసు. చేయడానికి ఇంకేమీ లేదు. సోడా కొట్టు నుంచి ఐసు గడ్డ తెప్పించింది. అది దారిలోనే సగం కరిగింది. కుళాయి కట్టేస్తే ఆగిన చోటే రెండూ పాకి కలుస్తాయి. విప్పి వదిలితే వేడికి బుడగలు వస్తాయి. ఆమె చెయ్యి కుళాయి మీద ఉంది. ఒకసారి విప్పి, ఒకసారి కట్టి, మళ్ళీ విప్పింది.

మొదటి బుడగ నా అడుగున పుట్టింది. ఆవగింజంత. తర్వాత ఇంకొకటి. రెండూ కలిసి పైకి పాకాయి. ఆమె చూసింది. వెదురు కర్రతో మెల్లగా తట్టింది, ఎప్పుడూ తట్టేచోటే. బుడగ పోలేదు. పొడి అడ్డంగా పగిలింది. వెంట్రుకంత చీలిక మొదట, తర్వాత చూస్తుండగానే నా చుట్టూ తిరిగింది. ద్రావకం పొడిలోంచి దిగడం మానేసి ఆ చీలికలోంచి జారింది. పైనున్నది కిందికొచ్చింది. ఒకదానికొకటి దూరంగా జరుగుతున్నవి మళ్ళీ ఒక్కచోట పడ్డాయి. నా లోపల జరుగుతున్న పని అది. నేను గాజుని. నా గోడల మధ్యనే అన్నీ కలిసిపోతుంటే నిలబడి ఉండడం తప్ప నాకు వేరే ఏమీ చేతకాదు.

హైమవతి ఆపలేదు. సీసాలు మారుస్తూనే ఉంది. ఒక్కొక్క పలక మీద చుక్క పెట్టి, రసాయనం చల్లి, చూసి, బల్ల మీద పెట్టింది. ప్రతి పలక మీదా రెండు మచ్చలు. చివరికి కరెంటు వచ్చింది. ఏసీ మొదలైంది. ఆమె కుళాయి కట్టేసింది.

మద్దిలేటిని తనే వెళ్ళి పిలుచుకొచ్చింది. అతను గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"విడిపోలేదు మద్దిలేటి గారూ," అంది.

"అంటే మందు లేదామ్మా?"

"ఉంది. కానీ రెండూ కలిసి ఉన్నాయి." చేతిలో ఫ్లాస్కు ఉంది. అది ఎందుకు పట్టుకుని ఉందో ఆమెకే తెలియనట్టుంది. "మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. ఈ కరెంటుని నమ్ముకుని ఈ ఎండలో కుదరదు. వానలు పడాలి."

అతను ఫ్లాస్కు వైపు చూశాడు. "కలిసుంటే ఏమమ్మా? రెండూ మా చేన్లోవే గదా. పాప ఆ ఆకు మధ్యలోనే పెరిగింది. ఏం కాదు. ఇయ్యండి."

"రెండిటి కొలత వేరు. ఒకటి సరిపోయేంత ఎక్కిస్తే, రెండోది పాపకి ఒంట్లో ఉన్న కాస్త రక్తాన్నీ పోగొడుతుంది. ఇది సూదితో ఎక్కించే వస్తువు కూడా కాదు ఇంకా. నేను ఇవ్వలేను."

మద్దిలేటి తప్పు పట్టినట్టు కాకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "మీ పాపయితే ఇయ్యరా?"

హైమవతికి పిల్లలు లేరు. ఆ మాట చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు.

"ఇవ్వను," అంది.

అతను తల ఊపాడు. సరే అమ్మా అన్నాడు. ఆసుపత్రి వైపు పోయే బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగి తెలుసుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. హైమవతి ఫ్లాస్కుకి బిరడా పెట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. నాలోని పొడి అంతా తీసి పారబోసి నన్ను కడిగింది. శుభ్రంగా ఉన్నా మళ్ళీ కడిగింది. జగన్నాథరావు గారు వచ్చి, నీ చేతిలో ఏముందమ్మా అన్నారు. ఆమె కడుగుతూనే ఉంది.

వానలు పడ్డాక మళ్ళీ చేశాం. ఈసారి విడిపోయాయి. ఆ గోటిమీదంత పొడి బొంబాయి పోయింది, సూదిమందు పెట్టె తిరిగి వచ్చింది. హైమవతి తనే ఆటో ఎక్కి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ ఏం జరిగిందో మర్నాడు ఆమె మేనేజరు గారికి చెబుతుంటే విన్నాను. సుంకులమ్మ మంచం మీద వేరే పిల్ల ఉందట. మద్దిలేటి పాపని ఊరికి తీసుకెళ్ళిపోయి చాలా రోజులైందట. ఎలా ఉందని అడిగితే నర్సు చెప్పలేక, ఊరికి తీసుకెళ్ళారమ్మా అని మళ్ళీ అదే మాట అందట. పెట్టె అక్కడే ఇచ్చేసి వచ్చిందట. మంచం మీద ఉన్న పిల్ల పేరు అడగలేదట.

ఆ తర్వాత కోతల కాలంలో లారీ వచ్చింది. గోతాలతో పాటు మద్దిలేటి దిగాడు. హైమవతి కిటికీలోంచి చూసి, చేతిలో పని వదిలి బయటికి వెళ్ళింది. ఆ కిటికీ నా పక్కదే కాబట్టి వాళ్ళ మాట నాకు వినపడింది. చాలాసేపు ఇద్దరూ ఆకు సంగతే మాట్లాడారు. తేమ ఉందా, ఎండిందా అని. ఆఖరికి ఆమె పాప సంగతి అడిగింది.

"పోయిందమ్మా. మీ తావుకి వచ్చిన నెలలోనే."

హైమవతి గోతాల వైపు చూస్తూ, మళ్ళీ ఇదే వేశారా అని మాత్రం అడగగలిగింది.

"ఇంకేమెయ్యాలమ్మా? ఆ చేన్లో ఇంకేం పండదు."

మూట విప్పి, ఆకుని గుప్పిట్లో నలిపి చూపించాడు. బాగుందని ఆమె అంది.

ఆ ఆకు నాలోంచే దిగింది. ఆ తర్వాత ఇంకెన్నో ఏళ్ళు, ఎందరి ఆకో దిగింది. కొన్నిసార్లు విడిపోయాయి, కొన్నిసార్లు పోలేదు. తర్వాత పీడనంతో నడిచే కొత్త మిషన్లు వచ్చాయి. వాటికి కుళాయి విప్పాల్సిన పని లేదు, పలకలు చూడాల్సిన పని లేదు, తెర మీద గీత లేచి చెబుతుంది. ఫ్యాక్టరీ చేతులు మారినప్పుడు నన్ను స్క్రాపు గాజు బుట్టలో వేశారు. హైమవతి రిటైరయ్యే ముందు ఆ బుట్టలోంచి తీసి, ఊళ్ళోని ఒక ఫార్మసీ కాలేజీకి ఇచ్చింది. ఇప్పుడు అక్కడ అద్దాల బీరువాలో ఉన్నాను. కింద అట్టముక్క మీద నా పేరు, వాడిన సంవత్సరాలు రాశారు. సంవత్సరాలు తప్పు రాశారు. బీరువా తలుపు బిగుసుకుపోయింది కాబట్టి ఎవరూ తుడవరు.

మొన్న కాలేజీ వాళ్ళు ఆమెని మాట్లాడమని పిలిచారు. జుట్టు తెల్లబడింది, కళ్ళద్దాలు మందమయ్యాయి. మాట ఇంకా మెల్లగానే ఉంది. పిల్లల్ని బీరువా దగ్గరికి తీసుకొచ్చి, చేత్తో ఎలా విడదీసేవాళ్ళమో చెప్పింది. కవల మందుల సంగతి చెప్పింది. ఒకమ్మాయి శ్రద్ధగా రాసుకుంటూ, ఇంత కష్టపడి తీసిన మందు ఎంతమంది పిల్లలకి అందిందో తెలుసా మేడమ్ అని అడిగింది. మంచి ప్రశ్నే. పొగడ్త కోసం అడిగిన ప్రశ్న కూడా.

హైమవతి అద్దం మీద చెయ్యి పెట్టింది, సరిగ్గా నా మెడ ఉన్న చోట.

"అది తెలియదమ్మా," అంది. "అందనిది ఎవరికో తెలుసు."

ఆ అమ్మాయి పెన్ను ఆపింది. దాన్ని రాసుకోవాలో అక్కర్లేదో తోచనట్టు పక్క పిల్ల వైపు చూసింది. ఇంతలో లెక్చరరు గారు అందరినీ మిషన్ గదికి రమ్మన్నారు. పిల్లలు వెళ్ళారు. ఆమె కూడా నిదానంగా వాళ్ళ వెనకే వెళ్ళింది.